తలుపు తియ్యాలా, వద్దా?

మా టీంలో ఈ మధ్య చేరిన కుర్రాళ్ళు భోజనాల దగ్గర హారర్ గేముల గురించి తెగ మాట్లాడుకుంటారు. వాళ్ళ లెక్క ప్రకారం ఎన్నిసార్లు కుర్చీలోంచి ఎగిరిపడితే అంత గొప్ప గేమన్నమాట. నాకీ లెక్క ఒప్పుకోబుద్ధి కాదు. వెనకనుంచి వచ్చి చెవి దగ్గర కాగితం కవరు పేల్చినా ఎగిరిపడతాం. దాన్ని ఉలికిపాటు అంటారు. భయం వేరే సరుకు. అది పుట్టించడం చాలా కష్టం, అందులో గ్రాఫిక్స్ కార్డు చేసేది కూడా పెద్దగా ఏమీ లేదు.

సినిమాతో పోల్చి చూడండి. వర్మ తీసిన 'రాత్రి' (1992) కళ్ళు మూసుకుని చూసినవాళ్ళు నాకు చాలామందే తెలుసు. కళ్ళు మూసుకున్నా రీలు దానంతటదే తిరుగుతుంది, సీను గడిచిపోతుంది. గేములో ఆ సదుపాయం లేదు. మీరు కళ్ళు మూసుకుంటే మీ బొమ్మ ఆ చీకటి వసారాలో అలాగే నిలబడి ఉంటుంది. కీ నొక్కాల్సింది మీరే. చాలినంత సమాచారం ఉండదు, అయినా ఏదో ఒకటి తేల్చుకోవాలి. ఎటు తేల్చుకున్నా ఏదో ఒకటి పోతుంది, తేల్చుకున్నాక వెనక్కి తిప్పుకోలేం. నా ఉద్దేశంలో గేములో అసలు భయం ఇక్కడే ఉంది. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే, సగం లాగులు చూసి రోల్‌బ్యాక్ చెయ్యాలా వద్దా అని కూర్చున్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు :)

'డూమ్ 3' (2004) సంగతి చూడండి. అంతా చీకటి. చేతిలో టార్చి పట్టుకుంటే తుపాకీ ఉండదు, తుపాకీ తీస్తే టార్చి ఉండదు. చూడాలా, కాల్చాలా? జనం గోల పెట్టేశారు. అంగారకుడి మీదకి వెళ్ళగలిగినవాళ్ళకి తుపాకీకి టార్చి కట్టుకోడానికి టేపుముక్క దొరకలేదా అని వెక్కిరించారు. నిజంగానే 'డక్ట్ టేప్' పేరుతో ఓ మాడ్ కూడా వచ్చేసింది. 2012లో బీఎఫ్‌జీ ఎడిషన్ తెచ్చినప్పుడు కంపెనీవాళ్ళే రెండూ ఒకేసారి వాడుకునేలా మార్చేశారు. తర్కం ప్రకారం జనం అన్నది రైటే. కానీ నాకైతే ఆ మార్పుతో సగం భయం పోయింది. రాక్షసులు వాళ్ళే, గదులు అవే, ఎటూ తేల్చుకోలేని ఆ అవస్థ మాత్రం లేదు. యూజర్లు అడిగినవన్నీ చేసి పెడితే ఒక్కోసారి ఇలాగే అవుతుంది, కానీ ఈ ముక్క మేనేజర్లకి చెప్పలేం.

అంతకు ముందే 'రెసిడెంట్ ఈవిల్' (1996) వాళ్ళకి ఇది తెలుసు. అందులో సేవ్ చేసుకోవాలంటే టైప్‌రైటరు దగ్గరకి వెళ్ళాలి, దానికి ఇంకు రిబ్బను కావాలి, రిబ్బన్లు లెక్కగా దొరుకుతాయి. ఇప్పుడు వాడేస్తే తర్వాత ఉండదు, దాచుకుంటే ఈ గంటసేపు ఆడిందంతా పోవచ్చు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళేటప్పుడు నల్లటి తెర మీద తలుపొకటి మెల్లగా తెరుచుకుంటుంది. లోపల జరిగేది డిస్కులోంచి తర్వాతి గది లోడవడమే! లోడింగ్ స్క్రీను చూపించి గుండె దడదడలాడించిన ఘనత వాళ్ళదే.

దీనికి మావాళ్ళ అభ్యంతరం ఒకటుంది. రెండోసారి ఆడితే అన్నీ తెలిసిపోతాయి కదా, ఇంక భయమేంటి అని. న్యాయమైన ప్రశ్నే. దెయ్యం ఎప్పుడు, ఎక్కణ్ణుంచి వస్తుందో పట్టేశాక మన కంటికి అది దెయ్యంలా కనబడదు, క్రాన్ జాబులా కనబడుతుంది. 'ఏలియన్: ఐసొలేషన్' (2014) ఈ చిక్కుని తెలివిగా దాటింది. అందులో ఆ జంతువుని నడిపించేవి రెండు. పైనున్న ప్రోగ్రాముకి మనమెక్కడున్నామో తెలుసు, కానీ జంతువుకి ఫలానా వైపు అని సూచన మాత్రమే ఇస్తుంది. జంతువు తన కళ్ళూ చెవులతో వెతుక్కోవాల్సిందే. అందుకే అది మన దరిదాపుల్లోనే తచ్చాడుతుంది, ఈసారి ఎటు వస్తుందో మాత్రం చెప్పలేం. బీరువాలో దాక్కున్నాక ఇంకా ఉండాలా, బయటికి పరిగెత్తాలా? ఉంటే దొరకొచ్చు, పరిగెడితే చప్పుడవుతుంది.

ఇప్పుడు మా ఊరి సంగతి. మాది కోరుకొండ. సైనిక్ స్కూలున్న విజయనగరం వైపు కోరుకొండ కాదండోయ్, రాజమండ్రి నుంచి గోకవరం వెళ్ళే దారిలో నరసింహస్వామి కొండ ఉన్న కోరుకొండ. కొండ మీద సాక్షాత్తూ ఆయనే ఉండగా కింద దెయ్యాలకి పనేంటని మీరనొచ్చు. కానీ నా చిన్నప్పుడు మా వీధి తలుపుల మీద బొగ్గుతోనో సుద్దతోనో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. ఎనభైల్లో, తొంభైల్లో మన ఊళ్ళలో పెరిగినవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రిపూట ఒకావిడ వచ్చి ఇంట్లోవాళ్ళ గొంతుతో పిలుస్తుంది, పలికినా తలుపు తీసినా అంతే సంగతులు. రాత చదువుకుని వెళ్ళిపోయి మళ్ళీ మర్నాడు వస్తుంది. మళ్ళీ అదే చదువుకుంటుంది. దెయ్యాన్ని ఇన్ఫినిట్ లూప్‌లో పెట్టారన్నమాట! వీధిలో సగంమందికి చదువు రాని రోజుల్లో దెయ్యానికి వచ్చు.

నవ్వుకుంటాం గానీ, ఆ కథలో భయపెట్టేది ఆవిడ కాదు, ఆ గొంతు. బయట పిలుస్తున్నది నిజంగా మనవాళ్ళే అయితే? తీస్తే ఒక ప్రమాదం, తియ్యకపోతే ఇంకో ప్రమాదం. మూడుసార్లు పిలిచేదాకా పలకొద్దు అనేది మా అమ్మమ్మ. ఆ మొదటి పిలుపుకీ మూడో పిలుపుకీ మధ్య ఉన్న ఖాళీకి సాటొచ్చే గేము నేనింకా ఆడలేదు.

గేములు చేద్దామనుకునే మన కుర్రాళ్ళు మాత్రం ఎక్కడిదో పాడుబడ్డ బంగళా మోడలొకటి కొని, అందులో తెల్లచీర కట్టిన బొమ్మని పెట్టి, మలుపు తిరగ్గానే కెవ్వుమనిపిస్తున్నారు. నాకు చూపించమని తెచ్చిన డెమోలు రెండు మూడు చూశాను, అన్నిటిదీ ఇదే తంతు. చేతిలో ఇంత సరుకు పెట్టుకుని అదేం ఖర్మ?

పెంకుటిల్లొకటి చాలు. కరెంటు పోయింది, వాన. మీరు తల్లి, లోపల చిన్నపిల్ల నిద్రపోతోంది. పెద్దాడు రాజమండ్రిలో సెకండ్ షోకి వెళ్ళి ఇంకా రాలేదు. వానకి తలుపు మీద సుద్దరాత కరిగిపోతూ ఉంటుంది, మళ్ళీ రాయాలంటే తలుపు తీసి బయటికి వెళ్ళాలి. సుద్దముక్క ఒక్కటే ఉంది. గొంతులన్నీ పెద్దాడివే, ఒక్కటే నిజం. అది ఎన్నో పిలుపో ఆడిన ప్రతిసారీ మారాలి. నిజమైన పిలుపుకి తియ్యకపోతే గేము ఆగిపోకూడదు, తెల్లారేదాకా నడవాలి. 2020లో వచ్చిన 'ఫాస్మోఫోబియా'లో మైకులో మనం మాట్లాడితే దెయ్యం వింటుంది, స్పందిస్తుంది. ఇక్కడ కూడా మైకు ఆన్‌లో ఉండాలి. పొరపాటున 'ఆఁ' అన్నా పలికినట్టే లెక్క.

ఆవిడ ముఖం మాత్రం ఎక్కడా చూపించొద్దు. డబ్బింగ్ చిలకపలుకులు కూడా వద్దు. తలుపవతల ఆ గొంతు అచ్చంగా మా వైపు కుర్రాడి గొంతులాగే ఉండాలి: "అమ్మా, తలుపు తియ్యవే, తడిసిపోతన్నాను."