ముద్దు ఇంటిది, ఎగతాళి వీధిది: భిలాయ్ తెలుగువారి పేర్ల చిక్కు

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో మగపిల్లాణ్ణి ‘నానీ’ అని పిలిస్తే ఎవరూ వింతగా చూడరు. ఆ పేరుతో సినిమా హీరో ఉన్నాడు, మంత్రులుగా చేసినవాళ్లూ ఉన్నారు. అదే పిలుపు భిలాయ్ సెక్టార్లలో వినిపిస్తే పక్క క్వార్టర్ పిల్లలు ముందు అయోమయపడతారు, తర్వాత నవ్వుతారు. హిందీలో నానీ అంటే అమ్మమ్మ. పైగా ‘నానీ యాద్ ఆ గయీ’ అంటే మనం ‘చుక్కలు కనిపించాయి’ అన్నట్టు. ఇక ఆ పిల్లాడు క్రికెట్‌లో ఔటైన ప్రతిసారీ ఆ మాట వినాల్సిందే.

వినడానికి ఇది సరదాగానే ఉంటుంది. అయితే బిడ్డ పుట్టగానే పేరు కోసం కూర్చునే ప్రవాస తెలుగు కుటుంబాలకు ఇది సరదా కాదు. తాత పేరో, ఊరి అమ్మవారి పేరో, పోయిన మనిషి గుర్తో నిలబెట్టాలని ఒక మనసు. రేపు బడిలో పిల్లలు ఏమంటారోనని ఇంకో మనసు. ఈ రెండింటి మధ్య చాలా పేర్లు చడీచప్పుడు లేకుండా రాలిపోతున్నాయి.

ఉక్కుతో పాటు వచ్చిన పేర్లు

భిలాయ్ ఉక్కు కర్మాగారం కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకున్నాయి. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఆ నిర్మాణానికీ, ఆ తర్వాత కొలువులకూ దేశం నలుమూలల నుంచి జనం వచ్చారు. బిహారీలు, బెంగాలీలు, మలయాళీలు, ఒడియాలతో పాటు ఉత్తరాంధ్ర తెలుగువారూ పెద్ద సంఖ్యలో చేరారు. రాయగడ, టిట్లాగఢ్ మీదుగా విజయనగరాన్ని రాయ్‌పూర్‌తో కలిపే రైలు మార్గం వారికి దారి చూపింది.

వారితో పాటు వారి దేవుళ్లూ, దేవుళ్ల పేర్లూ వచ్చాయి. సింహాచలం అప్పన్న పేరున అప్పలరాజు, అప్పలనాయుడు. విజయనగరం పైడితల్లి పేరున పైడిరాజు, పైడమ్మ. అనకాపల్లి నూకాలమ్మ పేరున నూకరాజు, నూకరత్నం. కర్మాగారంలో తొలితరం చేతుల మీదుగా పని నడిచినప్పుడు ఈ పేర్లు ఎవరికీ అడ్డు రాలేదు. అందరూ వలస వచ్చినవాళ్లే, అందరి పేర్లూ పక్కవాడికి కొత్తవే.

చిక్కు రెండో తరంతో మొదలై, మూడో తరంలో ముదిరింది. ఈ పిల్లలకు వీధి భాష హిందీ. పేరును వాళ్లు ముందు ఆ భాష చెవితోనే వింటారు.

ఒకే శబ్దం, రెండు అర్థాలు

ఈ ఇబ్బంది తీవ్రత ప్రవాస తెలుగువారికి ‘రండి’ అనే ఒక్క మాటతోనే అర్థమవుతుంది. తెలుగులో అంతకన్నా మర్యాదైన పిలుపు లేదు. హిందీలో దాదాపు అదే శబ్దం ఆడవాళ్లను ఉద్దేశించిన నీచమైన తిట్టు. అందుకే హిందీ ఊళ్లలో ఉండే తెలుగు ఇళ్లలో గుమ్మం దగ్గర నిలబడి ‘రండి రండి’ అని గట్టిగా పిలవడానికి వెనకాడతారు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ‘పిల్లా’ ఉత్తరాంధ్రలో ఇంటిపేరు, ముద్దుగా ఆడపిల్లను పిలిచే పిలుపు కూడా. హిందీలో పిల్లా అంటే కుక్కపిల్ల, కోపంలో తిట్టు. తెలుగు కవుల నోట కామిని అంటే అందగత్తె. పలుకు కాస్త జారితే హిందీలో ‘కమీనీ’, అంటే నీచురాలు. ‘గండి’ ఇంటిపేరును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే హిందీవాళ్లు ‘గందీ’ అని, అంటే మురికిది అని చదువుతారు. ‘పాప’ అని పిలిస్తే పాపం గుర్తొస్తుంది, దీర్ఘం తీస్తే నాన్న అవుతుంది.

ఇది ఒకవైపు వీధి కాదు. హిందీ ఇళ్లలో ఆడపిల్లకు ఎంతో ముద్దుపేరు ‘గుడ్డీ’, అంటే బొమ్మ. జయా బాధురి నటించిన 1971 నాటి సినిమా పేరు కూడా అదే. తెలుగు చెవికి అది చూపు లేకపోవడం. ‘గుడ్డూ’ అన్న అబ్బాయి పేరు వినగానే తెలుగు పిల్లలకు గుర్తొచ్చేది కోడిగుడ్డే. అంటే తప్పు ఏ భాషదీ కాదు. ఎవరి సంఖ్య ఎక్కువుంటే వారి నవ్వు గెలుస్తుంది, అంతే.

చెడ్డపేరే రక్షణ అనుకున్న రోజులు

చెవికి బాగోని పేరు ప్రేమకు అడ్డు అనే ఆలోచనే కొత్తది. పిల్లలు పుట్టి పోతున్న ఇళ్లలో, బతకాలని కోరి పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య అని పేర్లు పెట్టడం తెలుగు నేల మీద పాత ఆచారం. బిడ్డను ఇంకొకరికి ఇచ్చేసినట్టు చేసి, తవుడు ఇచ్చి తిరిగి తెచ్చుకుని తవిటయ్య, తవిటమ్మ అని పిలిచేవారు. తవిటినాయుడు అనే పేరు ఉత్తరాంధ్రలో నేటికీ వినిపిస్తుంది.

ఛత్తీస్‌గఢ్‌లోనూ అచ్చంగా ఇదే నమ్మకం ఉంది. అక్కడి ‘బిసాహు’ పేరుకు అర్థం కొనుక్కున్నవాడు. ఆ పేరుతోనే బిసాహు దాస్ మహంత్ ఆ ప్రాంత రాజకీయాల్లో పెద్ద నాయకుడయ్యారు. కరువులో పుట్టినవాడికి ‘దుకాలూ’ అని పేరు పెట్టడమూ అక్కడ ఉంది. తవుడిచ్చి తెచ్చుకున్న తెలుగు బిడ్డ, డబ్బిచ్చి కొనుక్కున్న ఛత్తీస్‌గఢీ బిడ్డ ఒకే భయానికి, ఒకే మమకారానికి పుట్టిన పేర్లు మోశారు. ఆ కథ తెలిసినవారికి ఆ పేరు నవ్వు తెప్పించదు.

ఇటీవల కూడా ఇలాంటిదే జరిగింది. 2020 మార్చి చివర్లో, లాక్‌డౌన్ తొలి రోజుల్లో, భిలాయ్‌కి దగ్గర్లోని రాయ్‌పూర్‌లో ఒక జంట తమ కవలలకు కరోనా, కోవిడ్ అని పేర్లు పెట్టింది. ఆ తర్వాత కొద్ది రోజులకే కడప జిల్లాలో ఇద్దరు పసికందులకు కరోనా కుమార్, కరోనా కుమారి అనే పేర్లు పెట్టిన వార్త వచ్చింది. కష్టకాలంలో క్షేమంగా పుట్టారన్న గుర్తు కోసం ఆ పేర్లు. ఆ తర్వాతి సంవత్సరంలో ఆ మాట ఎన్ని ఇళ్లలో ఏడుపు తెచ్చిందో అందరికీ తెలుసు. రాయ్‌పూర్ తల్లిదండ్రులు మాత్రం పేర్లు తర్వాత మార్చుకోవచ్చని అప్పుడే చెప్పారు.

ముందే ఊహించడం కుదరదు

అన్ని భాషల్లో వెతికి, ఏ తప్పర్థమూ లేని పేరు పెడితే సరిపోతుందా? సరిపోదు. వెక్కిరింత మాటలు పేరు పెట్టాక కూడా పుడతాయి.

‘పప్పూ’ ఉత్తరాదిన ప్రతి గల్లీలో ఉండే ముద్దుపేరు. 2000ల్లో చాక్లెట్ ప్రకటన, 2008లో ఓ సినిమా పాట, అదే ఏడాది ఢిల్లీలో ఓటు వేయనివాణ్ణి పప్పూ అంటూ సాగిన ఎన్నికల ప్రచారం కలిసి దాన్ని మందబుద్ధికి మారుపేరు చేశాయి. తర్వాత అది రాజకీయ ఎగతాళి అయింది. 2017 గుజరాత్ ఎన్నికల్లో బీజేపీ ప్రకటనలో ఆ మాటకు ఎన్నికల అధికారులు అభ్యంతరం చెప్పేదాకా వెళ్లింది. అంతకు ముందు ముప్పై ఏళ్ల కింద పేరు పెట్టిన తల్లి ఇదంతా ఎలా ఊహిస్తుంది? అమెరికా, బ్రిటన్‌లలో అలెక్సా అని పేరు పెట్టుకున్న ఇళ్ల పరిస్థితీ అంతే. 2014లో అమెజాన్ తన మాట్లాడే యంత్రానికి ఆ పేరు పెట్టాక, ఆ అమ్మాయిలకు ఆజ్ఞలు జారీ చేసే ఆకతాయిలు తయారయ్యారు.

ఇంకో పక్క, మనిషి నిలబడితే పేరు నిలబడుతుంది. తెలుగులో ‘వెంగళప్ప’ అంటే తెలివితక్కువవాడు. అయినా జలగం వెంగళరావు 1973 నుంచి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉన్నారు. హైదరాబాద్‌లో ఆయన పేరున కాలనీ ఉంది, దాని పేరు చెప్పి నవ్వేవారు లేరు. గుమ్మడి విఠల్ రావు గదర్ పార్టీ స్ఫూర్తితో గద్దర్ అని పేరు పెట్టుకున్నారు. హిందీ చెవికి అది ‘గద్దార్’, అంటే ద్రోహి. ఆ పోలిక ఆయన పాటను ఆపలేదు. నేడు తెలంగాణ ప్రభుత్వ సినిమా అవార్డులకు అదే పేరు.

చట్టం ఇచ్చే వ్యవధి

అలాగని పెద్దవాళ్ల సెంటిమెంటు భారాన్ని పిల్లలు మోయాల్సిందేనని తేల్చేయడమూ న్యాయం కాదు. ఇప్పుడు పేరు తప్పితే దిద్దుకోవడం మునుపటికన్నా కష్టం. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ రోజు నుంచి పుట్టినవారికి బడిలో చేరడం, ఆధార్, పాస్‌పోర్ట్, ఓటరు జాబితా వంటి వాటికి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆధార్‌లో పేరు మార్పుకు సాధారణంగా రెండుసార్లే అవకాశం. పేరుపై హక్కు భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2021లో సీబీఎస్‌ఈ కేసులో చెప్పింది. హక్కు ఉంది గానీ, దాన్ని వాడుకోవాలంటే అఫిడవిట్లు, ప్రకటనలు, ఆఫీసుల చుట్టూ తిరుగుడు తప్పవు.

అయితే ఇదే చట్టంలో చాలామంది వాడుకోని వెసులుబాటు ఉంది. పుట్టుకను 21 రోజుల్లో నమోదు చేయించాలి, పేరుకు మాత్రం ఆ తొందర లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంది. బారసాల 21వ రోజున చేసుకున్నా, ఆసుపత్రి కాగితంలో పేరు గడి నింపేయాలనే కంగారు అక్కర్లేదు. ఆ ఏడాదిలో ఆ పేరును వీధిలో పిలిచి చూడొచ్చు, దేవనాగరిలో రాసి పక్కింటివారితో చదివించొచ్చు.

నవ్వు వేరు, తిట్టు వేరు

ఆ పరీక్షలో చూడాల్సింది ఒక్కటే. బడి భాషలో ఆ పేరు నవ్వు తెప్పిస్తుందా, తిట్టుగా మారుతుందా? నానీ, గుడ్డూ, పాండు లాంటివి నవ్వుతో పోతాయి. పేరు వెనక ఉన్న కథ చెప్పగలిగితే చాలు. ఆడపిల్ల ఒంటికో, నడతకో తగిలే బూతులా వినిపించే పేరు మాత్రం అలా పోదు. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని రోజూ వింటే తాతమ్మ జ్ఞాపకం మీదే విసుగు పుడుతుంది. అలాంటప్పుడు ఆ పేరును ఇంటికి ఉంచుకుని, బడికి మరో పేరు రాయించడం ఓటమేమీ కాదు. భిలాయ్‌లోని బెంగాలీ ఇళ్లలో ఇంటిపిలుపు ఒకటి, బయటి పేరు ఒకటి ఉండటం మామూలే. తెలుగువారికీ ముద్దుపేరు, బడిపేరు కొత్తేమీ కాదు.

బడికీ ఇందులో బాధ్యత ఉంది. పది భాషల పిల్లలు చదివే ఉక్కు నగరంలో హాజరు పిలిచే టీచరు ఒక పేరును సరిగ్గా పలికి, దాని అర్థం ఒకసారి అడిగి చెప్పిస్తే సగం ఎగతాళి అక్కడే ఆగిపోతుంది. ఈ పని చేయకుండా పేర్లన్నీ ఏ భాషకూ తగలని రెండక్షరాల పేర్లుగా మారిపోతే పోట్లాట ఉండదు. పైడితల్లీ, అప్పన్నా మాత్రం ఆ ఇళ్లలో పటాలకే పరిమితమవుతారు, పిలుపులో మిగలరు.