మందుగదిలో దీపం

విశాఖ తీరంలో ఒకనాడు ఇంగ్లీషు, ఫ్రెంచి యుద్ధనౌకలు తలపడ్డాయన్న సంగతి మన అనకాపల్లి వారిలో ఎందరికి తెలుసునో! 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాధిపతి లినోయి, 74 ఫిరంగుల 'మారెంగో'తోను మరి రెండు ఓడలతోను వచ్చి, అక్కడ లంగరు వేసి ఉన్న 50 ఫిరంగుల 'సెంచూరియన్'పై దాడి చేశాడు. ఆ ఓడ దెబ్బలు తిన్నది కాని లొంగలేదు. లినోయి ఒక వర్తకనౌకను మాత్రం పట్టుకొని వెళ్ళిపోయాడు.

నన్ను ఆలోచింపజేసింది ఆ గెలుపోటములు కావు. కొయ్య, తారు, తెరచాప, మోకులు, వీటన్నిటి నడుమ టన్నులకొద్దీ తుపాకిమందు: ఇదీ ఆనాటి యుద్ధనౌక. దానికి నీటికంటె నిప్పే పెద్ద శత్రువు. ఇనుపగుండును కొలిమిలో ఎర్రగా కాల్చి, మందుకూ దానికీ మధ్య తడిపిన అడ్డు కూరి పేల్చే పద్ధతి అప్పటికే ఉన్నది. 1782లో జిబ్రాల్టర్ కోట నుండి పేల్చిన అటువంటి గుండ్లకు స్పెయిన్ వారి తేలే ఫిరంగి దుర్గాలు బూడిదయ్యాయి. అయినా ఈ ఆయుధం ఎక్కువగా ఒడ్డున ఉన్న కోటలకే పరిమితమైంది. కొయ్య ఓడలో కొలిమి వెలిగించడమంటే మన కొంపకు మనమే నిప్పు పెట్టుకోవడం కదా! 1853లో సినోప్ వద్ద రష్యన్ల పేలుడు గుండ్లు తురుష్క నౌకలను తగులబెట్టాయి. ఆ తరువాత ఇనుప ఓడల కాలం వచ్చింది. 1861 నాటి 'వారియర్'లో, గుండ్లలో నింపడానికి ఇనుమును కరిగించే కొలిమినే అమర్చారు.

ఇంత నిప్పుతో చెలగాటమాడిన ఆ నావికులు మందుగదిలోకి మాత్రం దీపం తీసుకువెళ్ళేవారు కాదు. దీపం పక్క గదిలో, గాజు పలక వెనుక వెలిగేది. మందుగదిలో పనిచేసేవారు మెత్తని గుడ్డ చెప్పులు తొడుక్కునేవారు. నిప్పురవ్వ రాలకుండా ఇనుముకు బదులు రాగి వాడేవారు. గుమ్మాలకు తడిపిన ఉన్ని తెరలు కట్టేవారు. ఫిరంగి దగ్గరకు ఏ పూటకు కావలసిన మందు ఆ పూటకే చేరేది.

ఇదంతా నావికుడిపై ప్రేమతో చేశారని నేను అనను. ఓడ విలువైనది, అంతే. కారణమేదైనా, ఆ కట్టుబాటు మనుషులనూ కాపాడింది.

మన జిల్లాలోనే, కోటవురట్ల మండలం కైలాసపట్నంలో, 2025 ఏప్రిల్ 13న బాణాసంచా తయారీ కేంద్రం పేలి ఎనిమిదిమంది మరణించారు. ఇటువంటి వార్త విన్నప్పుడల్లా "ఆ పనే అంత, ప్రమాదం తప్పదు" అనేవారు కనిపిస్తారు. ఈ మాటను నేను ఒప్పుకోను. చంపడానికీ చావడానికీ సిద్ధపడి బయలుదేరిన ఓడలోనే రెండువందల యేళ్ళ క్రితం అంత జాగ్రత్త సాధ్యమైనప్పుడు, పండుగ వెలుగుల కోసం మందు కూరే కూలీకి అది ఎందుకు సాధ్యం కాదు? మందు నిలవ ఒకచోట, పని ఒకచోట, ఒక్కొక్క పాకలో కొద్దిమంది, చేతిలో కొద్దిపాటి మందు: ఇవి కొత్తగా కనిపెట్టవలసిన విద్యలు కావు.

నిప్పు మొదట కాల్చేది దాన్ని మోసేవాడినే. ఈ సత్యం ఆనాటి నౌకాధిపతులకు తెలుసు. పరిహారం ప్రకటించడంతో బాధ్యత తీరిందనుకునే మనకు ఇంకా తెలియవలసి ఉన్నది.