సముద్రం కథలో బొగ్గుబాయి ఇల్లు

బొగ్గుబాయి ప్రమాదం మీద నాటిక అనంగనే మనోళ్లకు మొదలు యాదికొచ్చేది సైరన్. ఆ తర్వాత ఏడుపు, ఆ తర్వాత ఉపన్యాసం. చూసేటోళ్లు చప్పట్లు కొట్టి లేచిపోతరు. భయం మాత్రం ఎవ్వరి వెంట ఇంటికి పోదు. అందుకే సెంటినరీ కాలనీలో, గోదావరిఖనిలో నాటికలు రాసే పిల్లలను మేం ఒక పాత ఏకాంకిక చదవమంటున్నం. ఐర్లండ్ రచయిత జాన్ మిల్లింగ్టన్ సింజ్ రాసిన ‘రైడర్స్ టు ద సీ’. 1904లో డబ్లిన్‌లో ఆడిన్రు. అప్పటికి ఐర్లండ్ ఇంకా బ్రిటిషోళ్ల పాలనలోనే ఉంది. ఒక్క అంకం, ఒక్క వంటిల్లు.

అరాన్ దీవుల్లో మార్యా అనే ముసలి తల్లి. మామ, మొగడు, నలుగురు కొడుకులు సముద్రం పాలైన్రు. ఐదో కొడుకు మైకేల్ జాడ లేక తొమ్మిది రోజులు. మిగిలిన ఒక్క కొడుకు బార్ట్‌లీ గుర్రాలమ్మనీకి సంతకు పోతనంటున్నడు. బయట గాలి.

‘నాకు భయమైతుంది’ అని ఎవ్వరూ అనరు. బిడ్డ రొట్టె చేస్తుంటది. మైకేల్ శవపేటికకని కొన్న కొత్త పలకలు గోడకు ఆనించి ఉంటయి. బార్ట్‌లీ గుర్రానికి పగ్గం కోసం తాడు తీస్తడు. తల్లి వద్దంటది. మైకేల్ దొరికితే పేటికను గుంతల దించనీకి కావాల్నంటది. చూడున్రి, మాట అంతా తాడు గురించే. కానీ ఒక కొడుకు సావుకు దాచిన తాడును ఇంకో కొడుకు పట్టుకపోతున్నడు. ఇగ వాడు తిరిగి రాడని మనకు ఎవ్వరూ చెప్పకుండనే తెలుస్తది. తల్లి దీవించకుండ పంపుతది, బిడ్డలు రొట్టె ఇయ్యడం మరుస్తరు. నైట్ షిఫ్టుకు పోయేటోని ముంగట చెడ్డమాట అనని ఇండ్లు మనయి. టిఫిన్ డబ్బా మరిచిపోతే తెల్లారేదాంక మనసున పట్టని ఇండ్లు. మనకు వేరే వ్యాఖ్యానం ఎందుకు?

దూరాన ఎక్కడ్నో కొట్టుకొచ్చిన శవం మీది బట్టలు వస్తయి. చెల్లె తను అల్లిన మేజోడు కుట్లు లెక్కపెట్టి, అన్నదే అని గుర్తుపడ్తది. గుండెలు బాదుకునే డైలాగు కాదు, ఒట్టి లెక్క.

సింజ్ డబ్లిన్ దిక్కు చదువుకున్న కుటుంబపోడు. 1898 నుంచి ఆ దీవులకు పోయి జనం మాట విన్నడు. ఆ పల్లె మాటతోనే విషాదం రాసిండు. మన యాసను సినిమాలోళ్లు ఏండ్ల తరబడి రౌడీకిచ్చిన్రు, జోకరుకిచ్చిన్రు. తల్లి ఏడ్వాల్నంటే మాత్రం వేరే తెలుగు తెచ్చిన్రు. 2014లో రాష్ట్రం వచ్చింది, తెర మీదికి యాస కూడా వచ్చింది. అయినా స్టేజీ మీద సావు దగ్గరికి వచ్చేసరికి మనోళ్ల నోట్లె పుస్తకం తెలుగు పడ్తది. అప్పటిదాంక ‘బాయి’ అన్నోడు ‘గని ప్రమాదంలో అసువులు బాశాడు’ అంటడు. అగో, నాటిక సచ్చేది అక్కడ్నే.

ఒక్క కాడ సింజ్‌తోని మాకు పేచీ. సముద్రానికి మేనేజరు లేడు. మార్యాకు అడగనీకి మనిషి లేడు. అందుకే చివరికి, బార్ట్‌లీ శవం ముందు, ఆమె నిమ్మలమైతది. బాయి సంగతి అట్ల కాదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీలో నీళ్లు ముంచెత్తి 17 మంది పోయిన్రు. 2022 మార్చిలో మన కాలనీ దగ్గరి అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయిన్రు. నీటి చెమ్మ, కప్పు చప్పుడు శకునాలు కావు. ఎవరో చూడాల్సినయి, రాయాల్సినయి. మన నాటికలో ముందు సూచన అంటే గాలికి తెరుచుకున్న తలుపు కాదు, రిపోర్టు పుస్తకం. ఎవరు చూసిన్రు, ఎవరు రాసిన్రు, ఎవరు సంతకం పెట్టి పక్కకు పెట్టిన్రు? టోపీ పెట్టుకోలేదు కాబట్టి సచ్చిండని తేల్చే నాటిక ఈ ప్రశ్నల నుంచి తప్పించుకునే నాటిక.

కథను ఇట్ల మార్చుకోవచ్చునా అంటే, బ్రెహ్ట్ 1937లోనే మార్చిండు. స్పెయిన్ అంతర్యుద్ధంలకు తీసుకపోయి ‘సెన్యోరా కరార్ తుపాకులు’ రాసిండు. కొడుకులను యుద్ధానికి పంపనని తుపాకులు దాచిన తల్లి, చేపలకు పోయిన కొడుకు శవమై వచ్చినంక వాటిని బయటికి తీస్తది. మన తల్లికి తుపాకులు అక్కర్లేదు. ఆమె రిపోర్టు పుస్తకం అడగాలె. సద్ది డబ్బా మూత తియ్యకుండ, గొంతు లేపకుండ, మన మాటల్నే అడగాలె.