పగడమును త్రొక్కు విహారము

ఉప్పలు, నాచారము ప్రాంతములనుండి సెలవులలో అండమాను యాత్రకు బోవు కుటుంబము లిప్పుడు అరుదుగావు. 2024 వఱకు పోర్టుబ్లేరని పిలువబడిన శ్రీవిజయపురమున దిగి, సెల్యులారు కారాగారమునకు నమస్కరించి, పిమ్మట స్వరాజ్ ద్వీపమున కన్నులకు అద్దములు, నోటికి గొట్టము తగిలించుకొని పగడపు దిబ్బలను జూడ సముద్రమున దిగుచున్నారు. కృష్ణా గోదావరులు మోసికొనివచ్చు ఒండ్రుమట్టిలో పగడము బ్రతుకజాలదు గనుక, తెలుగువారు దానికై దూరమేగుట సహజమే. చూచుటను మేము తప్పుపట్టము. త్రొక్కుటను, విఱుచుటను, మూటగట్టి తెచ్చుటను తప్పుపట్టుచున్నాము.

మనవారికి పగడమనగా కుజదోష శాంతికై ఉంగరమున పొదుగు రాయి. అది రాయి గాదు. ప్రాణి కట్టుకొన్న గూడు. దిబ్బలు కట్టు పగడపు పురుగు తన దేహముననే సూక్ష్మమైన నాచును పోషించును. ఆ నాచు సూర్యరశ్మితో ఆహారము వండి దానికి పెట్టును. గుండువలె పెరుగు జాతులు ఏటికి సుమారు 1 సెంటీమీటరు మాత్రమే పెరుగును. అనగా మోకాలెత్తు పగడమునకు అర్ధశతాబ్దపు వయస్సు. ఈతరాని యాత్రికుడు అలసి, దానిపై నిలిచి ఊపిరి తీసికొనును. అర్ధశతాబ్దపు కట్టడము అరనిమిషమున విఱుగును!

ఇది ధర్మమునకే గాదు, చట్టమునకును సంబంధించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున దిబ్బలు కట్టు పగడములను 2001లో చేర్చిరి. పులియు నా షెడ్యూలులోనిదే. పులిచర్మమును గోడకు వ్రేలాడదీయ జంకు గృహస్థుడు పగడపు కొమ్మను అద్దాల బీరువాలో నుంచుటకేల జంకడు?

"సముద్రమే వేడెక్కి పగడములు చచ్చుచున్నవి, మా పాదము మానిన నేమి?" అని కొందరు వాదింతురు. వేడి మాట నిజమే. వేసవి గరిష్ఠోష్ణతకు 1 డిగ్రీ మించి, అది కొన్ని వారములు నిలిచినచో, నాచు తొలగి పగడము తెల్లబోవును. 2010లో అండమానున నిట్లు జరిగినది. ప్రపంచవ్యాప్తముగ నాలుగవసారి జరుగుచున్నదని 2024 ఏప్రిలున ప్రకటించిరి. మన హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థయే ఉపగ్రహముల సాయమున ఇట్టి హెచ్చరికలు వెలువరించుచున్నది. కాని జ్వరపీడితుని త్రొక్కుటకు జ్వరము సాకు కాగలదా? వేడి తగ్గినపుడు, ఇతర బాధలు లేని దిబ్బయే తిరిగి కోలుకొనును.

ఈ అలక్ష్యము అండమానున పుట్టలేదు. మన యింటనే పుట్టినది. ఉప్పలు నల్లచెరువున ఏండ్ల తరబడి మురుగు చేరుచుండగా ముక్కు మూసికొని సాగిపోయినవారము మనమే. మన మురుగు మూసీలోనికి, మూసీ వాడపల్లి కడ కృష్ణలోనికి, కృష్ణ హంసలదీవి కడ సముద్రములోనికి బోవును. ఇంటి నీటిని గౌరవింపనివాడు పరాయి నీటిని గౌరవించునా?

కావున యాత్రకు బోవువారు ముందుగా ఊరి కొలనులో తేలుట నేర్చుకొనవలెను. టిక్కెట్లమ్ము వర్తకులు, పడవవారు దిగుటకు ముందే నియమములను తెలుగున జెప్పవలెను. పగడపు వస్తువులను ఎవ్వరును కొనరాదు. ఊరికి తిరిగివచ్చినవారు చెరువుకై గొంతెత్తవలెను.

2018లో ఆ దీవికి హేవ్‌లాకు పేరు పోయి స్వరాజ్యపు పేరు వచ్చినది. స్వరాజ్యమనగా ఇచ్చవచ్చినట్లు మెలగుట గాదు, తన్ను తా నేలుకొనుట. నీటిలో తన పాదమునే ఏలుకొనలేనివాడు ఇక దేని నేలగలడు?