తూటాలో పీచు చాలు: ఆంధ్రప్రదేశ్ ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి వారికి, పాడేరులోని అల్లూరి సీతారామరాజు జిల్లా కలెక్టర్ వారికి,

విషయం: తూర్పు కనుమల్లో పంటరక్షణకూ ప్రాణరక్షణకూ అనుమతించే కాల్పుల్లో ప్లాస్టిక్ వాడ్ ఉన్న తూటాలను నిలిపివేసి, పీచు లేదా ఫెల్ట్ వాడ్ ఉన్న తూటాలనే వాడాలన్న షరతు విధించడం గురించి.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చిన తరువాత వేట నేరమైంది. అటవీ హక్కుల చట్టం, 2006 కూడా అడవిపై గిరిజనులకున్న సంప్రదాయ హక్కులను గుర్తిస్తూనే, వేటాడే హక్కునూ ఉచ్చులు పన్నే హక్కునూ స్పష్టంగా మినహాయించింది. అందువల్ల అరకు లోయ, అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండల్లో తుపాకి చట్టబద్ధంగా పేలే సందర్భాలు బహు తక్కువే అయినా, అవి బొత్తిగా లేకపోలేదు. వన్యప్రాణి చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం, రెండో షెడ్యూలులోని జంతువు మనుషుల ప్రాణానికి గానీ, పొలంలో నిలిచిన పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిందని నమ్మినప్పుడు, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా అధికారం పొందిన మరొక అధికారి కారణాలు తెలుపుతూ లిఖితపూర్వకంగా దానిని వేటాడేందుకు అనుమతి ఇవ్వవచ్చు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచి అడవి పంది ఈ రెండో షెడ్యూలులో ఉంది. ఆయుధాల చట్టం, 1959లోని 13వ సెక్షన్, 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం గల తుపాకికి రక్షణ లేదా క్రీడ నిమిత్తమూ, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకికి నిజమైన పంటరక్షణ నిమిత్తమూ లైసెన్సు ఇవ్వడానికి వీలు కల్పించింది. చోళ్లు, సామలు, రాజ్మా, కర్రపెండలం పండించుకునే కొండవాలు రైతుకు ఒక్క రాత్రిలో పందుల మంద కలిగించే నష్టం తెలిసినవారెవరూ ఈ నిబంధనలు అనవసరమని అనలేరు.

ఆ అనుమతి ఉండాలా వద్దా అన్న చర్చ ఈ లేఖ ఉద్దేశం కాదు. అనుమతి ఇచ్చిన ప్రతిసారీ, పేలిన తూటా నుంచి కొండ మీద ఏమి మిగిలిపోతుందన్నదే ఇక్కడి ప్రశ్న. దానికి జవాబు చాలావరకు తూటా లోపలి ఒక చిన్న భాగంపై ఆధారపడి ఉంది.

నున్నటి గొట్టపు తుపాకిలో, అంటే షాట్‌గన్‌లో, వాడే తూటాకు వెలుపల కాగితపు లేదా ప్లాస్టిక్ గొట్టం, దాని అడుగున ఇత్తడి లేదా ఉక్కు టోపీ, ఆ టోపీ మధ్యలో నిప్పు పుట్టించే ప్రైమర్ ఉంటాయి. ప్రైమర్ పైన మందు, చిట్టచివర సీసపు గుళ్లు ఉంటాయి. ఆ మందుకూ ఈ గుళ్లకూ నడుమ ఉండే అడ్డుబిళ్లనే వాడ్ అంటారు. మందు మండి పుట్టిన వాయువు గుళ్ల సందుల్లోంచి తప్పించుకుపోకుండా బిగువుగా మూసి, ఆ ఒత్తిడి మొత్తాన్ని గుళ్లకు అందించడం, తొలి కుదుపును కొంత తాను భరించి గుళ్లు నలిగిపోకుండా చూడడం దాని పనులు. చాలాకాలం ఇది ఉన్నితో చేసిన ఫెల్ట్, అట్ట, బెండు, పీచు వంటి పదార్థాలతోనే తయారయ్యేది. 1960ల నుంచి పాలిథిలిన్ ప్లాస్టిక్‌తో, పైన గుళ్లను పట్టి ఉంచే గిన్నె ఆకారంలో తయారైన వాడ్ వ్యాప్తిలోకి వచ్చింది. 12 బోర్ తూటాలో దీని బరువు రెండు మూడు గ్రాములకు మించదు. ఇక్కడ బోర్ అనేది గొట్టపు వెడల్పుకు కొలత: ఒక పౌను సీసంతో 12 సమాన గుండ్లు చేస్తే, వాటిలో ఒకటి సరిగ్గా పట్టే గొట్టాన్ని 12 బోర్ అంటారు.

పేలిన తరువాత తూటా గొట్టం కాల్చినవారి పాదాల దగ్గరే పడుతుంది కాబట్టి, మనసుంటే దానిని ఏరుకోవచ్చు. వాడ్ మాత్రం గుళ్లతో పాటు తుపాకి మూతి దాటి వెళ్లి, గాలి అడ్డుతో వేగం కోల్పోయి, పదుల గజాల దూరంలో పొదల్లో పడిపోతుంది. మైదానంలోనే దానిని వెతకడం కష్టం కాగా, కాఫీ మొక్కలు, మిరియాల తీగలు, సిల్వర్ ఓక్ చెట్లు, రాలిన ఆకులు కమ్ముకున్న ఏటవాలు నేలపై, అదీ రాత్రి వేళ జరిగే కాల్పుల తరువాత, వెతకడం దాదాపు అసాధ్యం. ఫెల్ట్ లేదా మొక్కల పీచుతో చేసిన వాడ్ తడిసి, విడివడి, నేలలోని సూక్ష్మజీవుల వల్ల కొంత కాలానికి మట్టిలో కలిసిపోతుంది. పాలిథిలిన్ అలా కలవదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దానిని పెళుసుబార్చి ముక్కలు చేస్తాయే గాని మట్టిగా మార్చవు. నీడచెట్ల కింద ఆ ఎండ కూడా తక్కువ గనుక, అది చెక్కుచెదరకుండా మరింత కాలం పడి ఉంటుంది. మేతకు వదిలిన పశువు గడ్డితో పాటు దానిని మింగే ప్రమాదమూ ఉంది. నీటి కంటే తేలికైన పదార్థం కాబట్టి, వానకు కొట్టుకుపోయి గెడ్డల్లో చేరగలదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా సాగి, తాటిపూడి జలాశయాన్ని నింపి విశాఖపట్నానికి తాగునీరిచ్చే గోస్తని నదికి ఈ గెడ్డలే ఆధారం. ఇక్కడ పండే అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పేరు నిలవడానికి ఇక్కడి నేల శుభ్రతే మూలం.

ప్లాస్టిక్ వాడ్ ఈ కొండలకు పరాయి వస్తువన్నది కూడా గుర్తించదగిన విషయం. నాటు తుపాకిలో, అంటే మూతి నుంచి మందు కూరే ఒంటి గొట్టం తుపాకిలో, మందు పోసి, దానిపై కొబ్బరి పీచో, గుడ్డపేలికో, కాగితమో కూరి, ఇనుప కడ్డీతో దట్టించి, ఆ పైన గుళ్లు వేసి మళ్లీ అదే పదార్థాన్ని దట్టించడం పాత పద్ధతి. ఫ్యాక్టరీ తూటాలో వాడ్ చేసే పనినే అక్కడ పీచు చేసేది. లైసెన్సు లేని నాటు తుపాకి చట్టవిరుద్ధం, దానితో సాగే వేట నేరం అన్న మాటలో సడలింపుకు తావు లేదు. అయితే, పంట కాపాడే పేరుతో ప్రభుత్వం తానే అనుమతించే ఆధునిక తుపాకి, పాత నాటు తుపాకి ఎన్నడూ వదలని చెత్తను కొండ మీద వదలడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ప్లాస్టిక్ నియంత్రణ చట్టాలు ఈ ఖాళీని ఇంకా పూడ్చలేదు. 2021 ఆగస్టు 12న వెలువడిన సవరణ నిబంధనలు, ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులలో కొన్నింటిని, అంటే చెవిపుల్లలు, బుడగల పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, ప్లేట్లు, కప్పులు, స్ట్రాల వంటి వాటిని, 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించాయి. ఒకే పనికి ఒక్కసారి మాత్రమే ఉపయోగపడి పారవేయబడే వస్తువు అన్న నిర్వచనానికి తూటాలోని వాడ్ పూర్తిగా సరిపోతున్నా, ఆ నిషేధ జాబితాలో దాని ప్రస్తావన లేదు. వాడుక చాలా తక్కువ కావడం వల్ల అది ఎవరి దృష్టికీ వచ్చి ఉండకపోవచ్చు. జాబితా మారేదాకా ఆగనక్కరలేకుండా, అనుమతి పత్రంలో చేర్చే ఒక్క షరతుతో రాష్ట్రం ఈ లోపాన్ని సరిదిద్దుకోగలదు.

ప్లాస్టిక్ వాడ్‌ను సమర్థించేవారి వాదనల్లో నిజం లేకపోలేదు, వాటిని న్యాయంగా తూచి చూడవలసిందే. ప్లాస్టిక్ గిన్నె గుళ్లను గొట్టానికి రాసుకోనివ్వదు కాబట్టి, అవి గుండ్రంగానే బయటకు వచ్చి, దూరాన కూడా దగ్గర దగ్గరగా తగులుతాయి; పీచు వాడ్‌తో అవి కొంత ముందుగా చెదిరిపోతాయి, గొట్టం లోపల సీసం కొద్దిగా అంటుకుంటుంది. అయితే పొలం గట్టున, కాపుకాసిన మంచె మీది నుంచి, తక్కువ దూరంలో జరగవలసిన కాల్పులకు ఈ తేడా అడ్డు కాదు. దూరం నుంచి కాల్చి జంతువును గాయపరచి వదిలేయడం ఏ వాడ్‌తోనైనా తప్పే. పీచు తేమను పీల్చుకుంటుందన్నది రెండో అభ్యంతరం. వానాకాలమంతా మంచు, ముసురు కమ్మి ఉండే అరకులో ఇది విస్మరించదగినది కాదు గాని, గట్టి మూత గల డబ్బాలో తూటాలను పొడిగా దాచుకుంటే తీరిపోయే సమస్య ఇది. మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది: నల్ల తుపాకిమందు వాడే తుపాకిలోని పీచు నిప్పు రాజుకుని రాలి, ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండిన ఆకులతో నిండే అడవిలో కార్చిచ్చుకు కారణం కాగలదు. నేటి పొగలేని మందు తూటాల్లో ఈ ప్రమాదం తక్కువే అయినా, వేసవిలో ఇచ్చే ప్రతి అనుమతిలో నీళ్లు, పచ్చి కొమ్మలు దగ్గర ఉంచుకోవాలన్న జాగ్రత్త ఉండి తీరాలి.

వాడ్ ప్రస్తావన వచ్చినప్పుడు సీసం ప్రస్తావన తప్పదు. సీసపు గుళ్లు విషపూరితమైనవి. ఆమ్ల గుణం గల నేలల్లో సీసం త్వరగా కరిగి మట్టిలోకి దిగుతుంది, గుళ్లున్న కళేబరాన్ని తిన్న రాబందుల వంటి పక్షులకు ఆ విషం సోకుతుంది. డెన్మార్క్ 1996లో సీసపు గుళ్లను నిషేధించింది. అమెరికా 1991 నుంచి నీటిపక్షుల వేటలోనూ, ఐరోపా సమాఖ్య 2023 ఫిబ్రవరి 15 నుంచి చిత్తడి నేలల్లోనూ వాటిని నిలిపివేశాయి. సీసానికి బదులు ఉక్కు గుళ్లు వాడితే, అవి గొట్టాన్ని గీరకుండా గిన్నె వంటి రక్షణ తప్పనిసరి కాబట్టి, మామూలు పీచు వాడ్ అక్కడ సరిపోదు. ఈ చిక్కును విప్పడానికే బ్రిటన్ తూటా తయారీదారులు నేలలో లేదా నీటిలో కరిగే గిన్నెలను రూపొందించారు; అక్కడి తొమ్మిది వేట, గ్రామీణ సంస్థలు 2020 ఫిబ్రవరిలో, షాట్‌గన్ వేటలో సీసాన్నీ, ఒకసారి వాడే ప్లాస్టిక్‌నూ ఐదేళ్లలో వదిలిపెట్టాలని కలిసి పిలుపునిచ్చాయి. అయితే కరిగిపోతుందని పెట్టె మీద రాసి ఉన్నంత మాత్రాన నమ్మడం తగదు. మొక్కల పిండి నుంచి తయారయ్యే పాలిలాక్టిక్ ఆమ్లం అనే ప్లాస్టిక్ త్వరగా శిథిలం కావడానికి సుమారు 60 డిగ్రీల వేడి గల కంపోస్టు ఎరువు కర్మాగారం కావాలి. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పడిపోయే లంబసింగి వంటి చోట అది మామూలు ప్లాస్టిక్‌లాగే పడి ఉంటుంది.

ఈ ప్రశ్న కొండలకే పరిమితం కాదు. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని షూటింగ్ రేంజి వంటి చోట్ల జరిగే ట్రాప్ పోటీలో, అంటే గాలిలోకి ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే క్రీడలో, ఒక్క క్రీడాకారుడు అర్హత దశలో 125 బిళ్లలను ఎదుర్కొంటాడు. ఒక్కో తూటాలో 24 గ్రాముల చొప్పున లెక్కిస్తే, బిళ్లకు ఒక్క తూటా మాత్రమే కాల్చినా, 3 కిలోల గుళ్లూ 125 వాడ్‌లూ నేల మీద పడతాయి. రేంజి హద్దులు గల స్థలం కాబట్టి అక్కడ ఊడ్చి ఏరుకోవడం సాధ్యమవుతుంది. అడవిలో ఆ అవకాశం లేదు గనుక అడవికి నియమం మరింత కఠినంగా ఉండాలి.

అందువల్ల ఈ లేఖ గౌరవపూర్వకంగా కోరేది ఇది. 11వ సెక్షన్ కింద ఇచ్చే ప్రతి అనుమతి పత్రంలో, పీచు, ఫెల్ట్ లేదా అట్ట వాడ్ ఉన్న తూటాలే వాడాలనీ, ఖాళీ గొట్టాలను లెక్కపెట్టి అటవీ సిబ్బందికి అప్పగించాలనీ షరతు చేర్చాలి. గెడ్డలకూ ఊటలకూ దగ్గరలో సీసపు గుళ్లను అనుమతించకూడదు. ఉక్కు గుళ్లు వాడవలసి వస్తే, ఈ కొండల చలిలో, తేమలో పరీక్షించి నిజంగా నశిస్తాయని తేలిన గిన్నెలనే ఒప్పుకోవాలి. లైసెన్సులు ఇచ్చే అధికారిగా కలెక్టర్ వారు, పంటరక్షణ తుపాకులున్న రైతులకూ తూటాల దుకాణదారులకూ ఇదే సూచనను తెలుగులో పంపాలి. ఖడ్కీ మందుగుండు కర్మాగారం 2021 అక్టోబరు 1 నుంచి మ్యూనిషన్స్ ఇండియా లిమిటెడ్ కింద నడుస్తోంది. 12 బోర్ తూటాల పెట్టె మీద వాడ్ ఏ పదార్థంతో చేసినదో స్పష్టంగా ముద్రించాలని ఆ సంస్థను రాష్ట్రం కోరాలి, ఎందుకంటే కొనేవారికి తెలియని వస్తువు విషయంలో ఏ షరతూ అమలు కాదు. అడవినీ వన్యప్రాణులనూ నీటి వనరులనూ కాపాడే అధికారం అటవీ హక్కుల చట్టంలోని 5వ సెక్షన్ ద్వారా గ్రామసభకు ఉంది కాబట్టి, అనుమతి పత్రం నకలును సంబంధిత గ్రామసభకు అందజేయాలి.

ఈ కొండల్లో చట్టబద్ధంగా పేలే తూటాలు నేడు కొద్ది మాత్రమే. కేరళ 2022లో చేసినట్లు అడవి పందుల విషయంలో అధికారాన్ని స్థానిక సంస్థలకు అప్పగించే రోజు ఇక్కడా వస్తే, ఆ సంఖ్య పెరుగుతుంది. అలవాటు పాతుకుపోయిన తరువాత మాన్పించడం కంటే, అది మొదలుకాక ముందే నియమం పెట్టడం తేలిక. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, అదనపు నిధులూ అక్కరలేదు. తదుపరి అనుమతి పత్రంపై సంతకం చేసే ముందే ఆ ఒక్క షరతును అందులో చేర్చాలని ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి వారికి సవినయంగా విన్నపం.

ఇట్లు,
తూర్పు కనుమల శ్రేయోభిలాషి