"డా." కోసం కాదు, పోస్టుల కోసం కొట్లాడుదాం



ఫార్మ్-డి చేసిన మన పిల్లలు పేరు ముందు "డా." పెట్టుకుంటే కొందరు నవ్వుతున్నారు. "మందుల షాపోడు డాక్టరెట్లయితడు?" అంటున్నారు. 2008లో ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తెచ్చిన కోర్సు ఇది. ఇంటర్ తర్వాత ఐదేళ్ల చదువు, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్. ఆ పట్టా ఎవరి దయా కాదు.

కానీ మనమూ ఒక మాట ఒప్పుకోవాలి. గూడెంలో డాక్టర్ అంటే రోగం చూసి మందు రాసేటాయన. ఫార్మ్-డి వాళ్లకు ఆ హక్కు లేదు. "డా." పెడితే పక్కనే ఫార్మ్-డి అని రాయాలి, నోటితో కూడా చెప్పాలి. అమ్మానాయనల నమ్మకంతో ఆడుకోవద్దు.

అసలు కొట్లాట వేరే ఉంది. వైవాక్స్ మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి. జ్వరం తగ్గిందని మనోళ్లు మధ్యలోనే ఆపేస్తే అది మళ్లీ తిరగబెడుతుంది. జీ6పీడీ లోపం ఉన్నవాళ్లకైతే అదే మాత్ర ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ఇదంతా కోయలోనో గోండిలోనో కూర్చోబెట్టి చెప్పగలిగేది ఎవరు? మన పిల్లలే. అందుకే ఏజెన్సీ ఆసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్ట్ పోస్టులు అడుగుదాం. పని దొరికితే గౌరవం దాని వెనకే వస్తది.