మునిగినోళ్ల లెక్క ఎవరు రాయాలె?



2024ను మన జనం అంత తొందరగా మర్చిపోరు. జనగామ దిక్కు ఎండింది. మహబూబాబాద్ దిక్కు మునిగింది. భూపాలపల్లి దిక్కు భూమి కదిలింది. నీళ్లు లేక ఏడ్చింది, నీళ్లెక్కువై ఏడ్చింది ఒక్క యేడాదిలోనే. ఆ యేడు గడిచిపోయింది గానీ, అందులో మన వాడలు పోగొట్టుకున్నదాని లెక్క మాత్రం తేలలేదు. అందుకే ఆ మాట మళ్లీ ఎత్తుతున్నాం.

ఒక్కసారి వెనక్కి చూద్దాం. మార్చి, ఏప్రిల్ నెలల్లో దేవరుప్పుల దిక్కు బోర్లు వట్టిపోయి వరి ఎండింది. నాయకులు వచ్చి ఒడ్డు మీద నిలబడి ఫొటోలు దిగిపోయిండ్రు. పట్టాదారు బాధ పత్రికల్లో వచ్చింది, రావాల్సిందే. కానీ ఆ పొలంలో కలుపు తీసి, కల్లంలో వడ్లు ఎత్తి బతికే కూలి మనిషి సంగతేంది? పొలంతో పాటు ఆమె కూలి దినాలు కూడా ఎండిపోయినయి. అవి ఏ రిజిస్టర్లో ఎక్కినయి?

ఆగస్టు 31న పట్టుకున్న వాన సెప్టెంబర్ 1 దాకా విడువలేదు. ఆకేరు పొంగింది. మరిపెడ మండలం సీతారాంతండాను నీళ్లు ముంచెత్తినయి. తండాలో పుట్టి పెద్ద చదువు చదివిన బిడ్డలను కూడా ఆ వరద విడిచిపెట్టలేదు. ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకపోయి రైళ్లు ఆగినయి. సెప్టెంబర్ 4కల్లా మళ్లీ నడిచినయి. మంచిదే. రైలుపట్టా మీద చూపిన తొందరలో సగమన్నా మన వాడ బాట మీద చూపితే ఇంకా మంచిగుండేది.

ఆ ఆగస్టు 31నే ములుగు జిల్లా తాడ్వాయి–మేడారం అడవిలో సుడిగాలికి యాభై వేలకు పైగా చెట్లు కూలినయి. డిసెంబర్ 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. భూపాలపల్లి జనం ఇండ్లల్లకెంచి బయటికి ఉరికిండ్రు. వాళ్లకు అంతకుముందు యేడాది గాయమే మానలేదు. 2023 జులై 27న చిట్యాలలో ఒక్క రోజులో 616 మిల్లీమీటర్ల వాన పడితే, మోరంచవాగు మోరంచపల్లి ఊరినే ముంచింది. జనం ఇండ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నరు. నలుగురు కొట్టుకపోయిండ్రు.

వానకు కులం లేదని పెద్దలంటారు. నిజమే, వానకు లేదు. కానీ ఇంటి జాగకు కులం ఉన్నది. మెరక మీద ఎవరి ఇండ్లున్నయి, పల్లంలో ఎవరి ఇండ్లున్నయి? చెరువు అలుగు పారే దిక్కున, వాగు ఒడ్డున, మోరీ నీళ్లు చేరే చోట ఎవరిని ఉండమన్నరు? ఒకప్పుడు మనల్ని ఏ చెరువు నీళ్లు ముట్టనియ్యలేదో, ఆ చెరువు కట్ట తెగితే నీళ్లు ముందుగా వచ్చేది మన గడపకే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి, నీళ్ల మీద మనకూ హక్కున్నదని చాటిండు. ఆ నీళ్లల్ల మునగకుండా బతికే హక్కు, మునిగితే లెక్కలోకెక్కే హక్కు మనకు లేవా?

అసలు అన్యాయం నీళ్లు తీసిన తర్వాత మొదలైతది. సర్కారు వాళ్లు రాసుకోవడానికి వస్తరు. పెద్ద ఇంటి అరుగు మీద కూసుంటరు. పాసుబుక్కు ఏదీ అంటరు. 2024 వరదల్లో పంట నష్టానికి ఎకరాకు 10 వేల రూపాయలు ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. ఆ పది వేలు భూమి ఎవరి పేరు మీదున్నదో వాళ్లకా, విత్తనాలు, ఎరువులు అప్పు తెచ్చి వేసినోళ్లకా? కౌలుదారులకు గుర్తింపు కార్డులియ్యాలని 2011లోనే భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. మీ ఊళ్లో ఎంతమంది చేతిల ఆ కార్డున్నది? ఇంక భూమే లేని కూలి సంగతి చెప్పనక్కర్లేదు. “పాసుబుక్కు లేనోళ్లం మునగలేదా సారూ?” అని ఒక ముసలవ్వ అడిగింది. రాసుకునేటాయన దగ్గర జవాబు లేదు. పక్కన నిలబడ్డ నా దగ్గర కూడా లేదు.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకోవాలె. వరద తర్వాత మేము బియ్యం మోసినం, దుప్పట్లు పంచినం, మేమూ ఫొటోలు దిగినం. పెద్ద పని చేసినమనుకున్నం. కానీ ఎవరి గోడ కూలింది, ఎవరి మేకలు పోయినయి, ఎవరి పంట మునిగిందని ఒక్క కాగితం మీద రాసిపెట్టలేదు. రెండు నెలలకు జాబితా వచ్చింది. అందులో ఒక ఒంటరి ఆడమనిషి పేరు లేదు. ఆఫీసుకు పోతే రుజువేదన్నరు. అప్పటికి కూలిన గోడ తీసేసింది, చచ్చిన మేకలను పూడ్చిపెట్టింది. పిల్లలకు ఇరవై ఏండ్లుగా రాయడం నేర్పుతున్న నేను, రాయాల్సిన రోజు రాయలేదు. దుప్పటి ఒక చలికాలమే ఆగుతది, కాగితం ఆమె హక్కును నిలబెట్టేది.

చట్టం మన దిక్కే ఉన్నది. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ చదవండి. నష్టపరిహారంలో, సహాయంలో కులం పేరు మీద వివక్ష చూపకూడదని అందులో స్పష్టంగా ఉన్నది. పాసుబుక్కు లేనోళ్లకూ నిబంధనల్లో చోటున్నది. 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన రేట్ల ప్రకారం గుడిసె పోతే 8 వేలు, మేక, గొర్రె, పంది ఏది చచ్చినా 4 వేలు, పాడిబర్రె చస్తే 37,500, ఇల్లు కొట్టుకపోతే బట్టలకు 2,500, వంట సామానుకు 2,500. ఇవి తక్కువే. కానీ ఈ తక్కువ కూడా అడగందే వస్తదా? రేట్లు మారితే కొత్తవి అడుగుదాం.

ఇంకో సంగతి. ఆ వరద వచ్చిననాడు మన ఊళ్లకు సర్పంచులే లేరు. 2024 ఫిబ్రవరిల పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్ల పాలన నడిచింది. 2025 అక్టోబర్ చివర మొంథా తుపాను వచ్చి కోతకొచ్చిన వరిని, పత్తిని ముంచిననాడూ అదే పరిస్థితి. ఆ డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగినయి. మన వాడల నుంచి గెలిచిన సర్పంచులున్నరు, వార్డు మెంబర్లున్నరు. ఇంక సాకు లేదు.

మృగశిర కార్తె వచ్చేలోపు ప్రతి వాడల ఒక నోట్‌బుక్ పెట్టండి. ఇంటింటికి తిరిగి ఎంతమంది మనుషులు, ఎన్ని మేకలు, ఎవరి భూమి ఎవరు కౌలుకు చేస్తున్నరు, ఏ గోడ నానుతున్నదో రాయండి. చదువుకున్న పిల్లలకు ఈ పని అప్పజెప్పండి. వాన పడ్డ మర్నాడే, తేదీ పడేటట్టు ఫోన్‌ల ఫొటో తీయండి. పశువు చస్తే పూడ్చకముందే పశువుల డాక్టర్ను పిలిచి కాగితం రాయించుకోండి. దరఖాస్తు ఇస్తే రశీదు తీసుకోండి. జాబితాను గ్రామసభల చదివి వినిపించమనండి, పంచాయతీ గోడకు అతికించమనండి. లేని పేర్లను అక్కడే, అందరి ముందే అడగండి.

రేపు మళ్లీ వాగు పొంగుతది. మనమెవరం ఆపలేం. కానీ ఈసారి రాసుకునేటాయన పెద్ద ఇంటి అరుగు మీద కూసున్నప్పుడు, మన వాడ నోట్‌బుక్ ఆయన ముందట పెట్టాలె. ఆ ముసలవ్వ ప్రశ్నకు జవాబు అందులో ఉండాలె.

జై భీమ్.